సాయిబు మామ చేసిన కట్టింగు ముక్కు

అనకాపల్లి గురించి ఎవరు రాసినా బెల్లం గురించే రాస్తారు. బెల్లం రంగు, బెల్లం దిమ్మ, బెల్లం బజారు. ఆ బెల్లం వండాలంటే చెరకు ఆడాలి. చెరకు ఆడాలంటే ఇనప గానుగ తిరగాలి. గానుగ విరిగితే బాగుచేసేవాడు ఒకడుండాలి. ఆ బాగుచేసేవాళ్ళలో నేనొకణ్ణి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సామాను దొరక్కపోతే మీరు ఇనుము ఎలా కోశారండీ అని ఇన్నేళ్ళలో నన్ను ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. ఊరి పెద్దలకు శాలువలు కప్పే సభల్లో వెనక వరస బెంచీ మీద కూర్చుని అంతా విన్నాను. ఒకసారి లేచి చెప్పబోతే టైమైపోయిందని మైకు కట్టేశారు. ఆ కట్టినవాడి మొహం నాకింకా గుర్తుంది. తరవాత అతను నా పక్కనే నిలబడి కాఫీ తాగాడు కూడా.

అందుకని అడక్కుండానే చెబుతున్నాను. నా గొప్ప చెప్పుకోవడానికి కాదు. నా గొప్ప కొంచెం ఉంది, అది మధ్యలో దానంతటదే వస్తుంది. చెప్పవలసింది సాయిబు మామ గురించి, ఆయన చేసిన ముక్కు గురించి.

ముక్కు అంటే ఏమిటో ముందు చెప్పాలి. స్టేషను రోడ్డులో మా షావుకారు వర్కుషాపులో నేను గేసు పని చేసేవాణ్ణి. ఒక పక్క ఆక్సిజన్ సిలిండరు, అది విశాఖపట్నం నుంచి రైల్లో వచ్చేది. ఇంకో పక్క నీళ్ళ డ్రమ్ములో కార్బైడు రాళ్ళు వేసి మేమే పుట్టించుకునే గేసు. వెల్లుల్లి కుళ్ళినట్టు దాని వాసన. మా ఆవిడ నా చొక్కాలు వేరే బకెట్లో నానబెట్టేది. ఈ రెండు గేసులూ రబ్బరు గొట్టాల్లో వచ్చి చేతిలో పట్టుకునే ఇత్తడి టార్చిలో కలుస్తాయి. టార్చి చివర వేలెడంత రాగి ముక్క బిగిస్తాం. కంపెనీవాళ్ళు టిప్పు అనేవారు. మేం ముక్కు అనేవాళ్ళం.

చూడ్డానికి అదేమీ ఉండదు. జేబులో వేసుకుంటే పోయినా తెలీదు. కాని పనంతా దానిదే. నడిమధ్య ఒక బెజ్జం, దాని చుట్టూ పువ్వు రేకుల్లా సన్న బెజ్జాలు. చుట్టూ ఉన్నవాటిలోంచి చిన్న చిన్న మంటలు వచ్చి ఇనుమును కాలుస్తాయి. ఇనుము నిమ్మపండు రంగుకు రాగానే మీట నొక్కితే నడిబెజ్జంలోంచి ఒట్టి ఆక్సిజన్ దూసుకొస్తుంది. అప్పుడు ఇనుమే మండుతుంది. కట్టెలా మండి నిప్పురవ్వలై కిందికి కారిపోతుంది. కోసేది మంట కాదు, గాలి. ఈ మాట చెబితే నవ్వినవాళ్ళున్నారు. నవ్వనివ్వండి.

ఆ గాలి దారం లాగినట్టు తిన్నగా రావాలి. నడిబెజ్జం కొంచెం వంకరైనా, లోపల గరుకున్నా చీపురులా విచ్చుకుంటుంది. ఇనుము తెగదు, కరిగి ముద్దవుతుంది. చుట్టూ ఉన్న మంటల్లో ఒకటి పెద్దదై ఇంకొకటి చిన్నదైతే కోత ఒక పక్కకి ఈడుస్తుంది. వేలెడు రాగిలో ఇంత లెక్క ఉంది. మొదటిసారి దాన్ని విప్పి వెలుగుకి పట్టి చూసినప్పుడు, దీన్ని ఆలోచించినవాడు ఎక్కడున్నా వాడికో దణ్ణం అనుకున్నాను.

యుద్ధం వచ్చాక మద్రాసు నుంచి ముక్కులు రావడం మానేశాయి. ఉన్న ఒక్క కట్టింగు ముక్కునీ తీగతో పొడిచి పొడిచి వాడుకున్నాను. పొడిచినకొద్దీ బెజ్జాలు పెద్దవై కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. కొత్తది తెప్పించమని షావుకారు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. ఆయన వినలేదు. "నీ సెయ్యి వణుకుతుందేమో సూసుకో" అన్నాడొకరోజు అందరి ముందూ. నా చెయ్యి అప్పుడూ వణకలేదు, ఇప్పుడూ వణకదు.

సరిగ్గా గానుగలాడే కాలంలో మునగపాక నుంచి ఒక రైతు బండి మీద తన గానుగ వేసుకుని వచ్చాడు. చెరకు నలిపే రోలరు మధ్యనుండే ఉక్కు ఇరుసు విరిగి, విరిగిన మొండెం పళ్ళచక్రంలో ఇరుక్కుపోయింది. సుత్తితో కొడితే పళ్ళచక్రం పగిలేలా ఉంది, అది పోత ఇనుము. చక్రం పగిలితే ఆ యుద్ధంలో ఇంకోటి దొరికే మాటే లేదు. అప్పటికే కొట్టిన చెరకు కళ్ళంలో పడి ఉంది. ఎండకి పులిసిపోతే బెల్లం కట్టదు, పాకం జిగురైపోతుంది. ఆ రైతు కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. మధ్యలో వాకిట్లోకి పోయి మునగపాక వైపు చూసి వచ్చేవాడు, చెరకు అక్కణ్ణించి కనిపిస్తున్నట్టు.

దారి ఒకటే. ఇరుసు మొండెం నడిమధ్యలో టార్చితో నిలువునా బెజ్జం కాల్చాలి. అది చల్లారినప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు చిన్న దెబ్బకి జారిపడుతుంది. కాని ఆ బెజ్జం తిన్నగా పోవాలి, చక్రాన్ని తాకకూడదు. నా పాత ముక్కుతో కుదరదు. చీపురుతో చెవిలో గుబిలి తీసినట్టుంటుంది.

అప్పుడు నేను సాయిబు మామ దగ్గరికి వెళ్ళాను. ఇత్తడి పనివాడు. పెళ్ళిళ్ళలో చల్లే పన్నీరుబుడ్లు, అత్తరు సీసాల మూతలు, తాళాలు చేసేవాడు. ఊరంతా సాయిబు అనేవారు, నేను మామా అనేవాణ్ణి. వినయం అన్నది ఆయన పుట్టిన వీధిలోకి కూడా రాలేదు. తను చేసిన పన్నీరుబుడ్డిని ఎదటివాడి మొహం మీద చల్లి, తుడుచుకోనివ్వకుండా ఎలా ఉందో చెప్పమనేవాడు.

పాత ముక్కు చేతికిచ్చాను. ఒక కన్ను మూసి చూశాడు.

"ఏటల్లుడా ఇది?"

"ముక్కు మామా. కట్టింగుది."

"ముక్కే, కనపడతంది. జలుబు సేసిన ముక్కు. ఈ బొక్కలు సూడు, కోడి కెలికినట్టున్నాయి. ఎవుడు కెలికేడు?"

"నేనే, తీగతో."

"అనుకున్నాను. ఇనుం కాల్సుకునేవోడివి, నీకు ఇత్తడి రాగీ ఇలవ ఏటి తెలుసు."

ఆ మాట నేను మర్చిపోలేదు. పనికోసం వెళ్ళాను కనక పడ్డాను. గానుగ సంగతి, రైతు సంగతి చెప్పాను. రాగిలో అంత సన్నగా, అంత లోతుగా బెజ్జాలు వేయగలవా అని అడిగాను.

"ఎయ్యలేను" అన్నాడు తడుముకోకుండా. "రాగి బంకమన్ను. బొక్కలేసే బరమాకి అంటుకుంటాది, బరమా ఇరిగిపోద్ది. నేనే కాదు, నా బాబొచ్చినా ఎయ్యలేడు."

నేను లేచాను. "కూకో" అన్నాడు. "ఎయ్యలేనన్నాను, సెయ్యలేనన్నానా?"

లోపలికి పోయి ఏటికొప్పాక కుంకుమ భరిణె ఒకటి తెచ్చాడు. తరిమెన మీద గిరగిరా తిప్పి నునుపు చేసి, లక్క పూసిన చిన్న చెక్క భరిణె. మూత లాగాడు. టుక్కుమని చప్పుడైంది. మళ్ళీ పెట్టి మళ్ళీ లాగాడు. టుక్కు.

"ఇన్నావా? మూతకీ భరిణెకీ మజ్జిన గాలి దూరడానికి సందు లేదు. అందికే టుక్కంటంది. ఏటికొప్పాకోళ్ళు సెక్కతో సేసింది నేను ఇత్తడితో సెయ్యలేనా? బొక్క ఎయ్యడం దేనికి? ఇత్తడి కండె ఒకటి తరిమెన పడతాను. దాని మీద సుట్టూరా సన్నంగా గాడులు కోత్తాను. దాని మీద రాగి తొడుగు ఇలా దించుతాను. గాడి మీద తొడుగు పడితే ఏటవుద్ది?"

"బొక్కవుద్ది" అన్నాను.

"పరవాలేదు, అల్లుడికి బుర్రుంది" అన్నాడు.

ఇప్పుడు చదివేవాళ్ళకి ఇది చిన్న సంగతిలా ఉండొచ్చు. నాకు ఆ క్షణాన చిన్నది కాదు. లోపల తొలవలేనిదాన్ని బయట కొయ్యడం. బయట కోస్తే కంటికి కనిపిస్తుంది, ఆకురాయితో సరిచేసుకోవచ్చు, అన్ని గాడులూ ఒక్కలా ఉన్నాయో లేదో గోరుతో తడిమి తెలుసుకోవచ్చు. అంతా బాగున్నాక పైన తొడుగు వేసి మూసెయ్యడమే. అంతవరకూ నేను చూసిన ముక్కులన్నీ ఒకే రాగిలో తొలిచినవి. ఇలాంటిది ఎవరూ చేయగా నేను చూడలేదు, వినలేదు.

నడిబెజ్జం మాత్రం వెయ్యక తప్పదు. ఇత్తడి కాబట్టి బరమా లొంగింది. దాన్ని లోపల నునుపు చెయ్యడానికి వెదురుపుల్లకి మెత్తటి ఇటుకపొడి అద్ది తిప్పుతూ కూర్చున్నాడు. తిప్పి తిప్పి, కంటికి ఆనించుకుని వీధి వైపు చూసేవాడు. "మీ షావుకారు పోతన్నాడు. ఇందులోంచి సూత్తే సన్నంగా, అందంగా ఉన్నాడు. ఇలాగే సూడాల ఆయన్ని" అన్నాడు.

మొదటిసారి గాడులు వెడల్పుగా కోశాడు. నేను వెలిగిస్తే టప్ టప్‌మని పేలి మంట లోపలికి దూరింది. గేసు బయటికి వచ్చే వేగం కంటే మంట వెనక్కి పాకే వేగం ఎక్కువైతే అంతే, గుమ్మం పెద్దదైతే పిల్లి దూరినట్టు. మామ తిట్టుకున్నాడు. నన్ను, ఇత్తడిని, యుద్ధాన్ని, వరసగా. పాడైన గోడగడియారం స్ప్రింగు కత్తిరించి దానికి పళ్ళు కోసి రంపం చేశాడు. దాంతో వెంట్రుక సందు లాంటి గాడులు కోశాడు. ఈసారి తొడుగు దించి మళ్ళీ లాగితే ఆ భరిణె అన్న మాటే అంది. వెలిగిస్తే చిన్న చిన్న నీలం మంటలు, అన్నీ ఒక్క ఎత్తున. గుడిలో దీపాలు పెట్టే ఆడవాళ్ళు కూడా అంత సమంగా పెట్టలేరు.

ఇక గానుగ దగ్గర పని మొదలుపెట్టాలి. ఇక్కడ మా షాపు ఆచారం ఒకటి చెప్పాలి. ఏ కొత్త సామాను వచ్చినా షావుకారు స్వయంగా పసుపు రాసి, కుంకం పెట్టి, పైన ఆముదం చుక్క వేస్తాడు. సుత్తికీ అంతే, లేతుకీ అంతే. మా ఊళ్ళో గానుగ పళ్ళకి ఆముదం, బండి ఇరుసుకి ఆముదం, పిల్లాడి మాడుకి ఆముదం. మంచి జరగాలంటే ఆముదం. కాని ఆక్సిజన్ దగ్గరికి జిడ్డు రాకూడదు. జిడ్డూ ఆక్సిజనూ కలిస్తే అగ్గిపుల్ల అక్కర్లేదు. ఆ సంగతి షావుకారుకీ తెలుసు. సిలిండరు మూతకి నూనె పెట్టిన మనిషి చెంప ఒకసారి ఆయనే పగలగొట్టాడు. ఆయన దృష్టిలో అది నూనె పెట్టడం, ఇది పూజ. రెండూ ఒకటని ఆయనకి తట్టలేదు.

నేను షెడ్డు వెనక డ్రమ్ములో కార్బైడు వేసుకుని వచ్చేసరికి నాకు తెలీకుండానే పూజ అయిపోయింది. పసుపూ కుంకం తుడిచేశారు. ముక్కు తళతళలాడుతోంది. మామ మెరుగు పెట్టాడనుకున్నాను. రైతులు, బండివాళ్ళు చుట్టూ చేరారు. వెలిగించాను. ఇరుసు ఎర్రబడి, పసుపురంగుకి వచ్చింది. మీట నొక్కాను.

ఫట్‌మని తెల్లటి మంట ముక్కు మొదట్లోంచి కొట్టింది. టార్చి వదిలేసి గొట్టం మడిచి పట్టుకున్నాను. షావుకారు పంచె అంచు కాలింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ.

షావుకారు పంచె దులుపుకుంటూ అందరూ వినేలా అన్నాడు: "పన్నీరుబుడ్లు సేసేవోడి సేత ముక్కు సేయిత్తే ఇంకేటవుద్ది? పన్నీరు సల్లింది."

అందరూ నవ్వారు. మునగపాక రైతు ఒక్కడే నవ్వలేదు.

నాకు వాసన తగిలింది. దీపం ఒత్తి కొడిగట్టినప్పుడు వచ్చే వాసన. "బాబూ, ఆముదం రాసేరా?" అన్నాను.

"ఆముదం రాయకుండా ఈ షాపులో ఏ పని మొదలెట్టేం? ఇన్నాళ్ళూ ఏదీ పేల్లేదే."

"ఆక్సిజన్‌కి జిడ్డు తగిలితే..."

"నువ్వు నాకు సెప్పొచ్చేవోడివా?"

ఆయన పోయేవరకూ ఆ ఆముదం సంగతి ఒప్పుకోలేదు. నేను పండగకీ పబ్బానికీ గుర్తుచేస్తూనే ఉన్నాను.

మామ వచ్చి ముక్కు చల్లారాక తీసుకుని వాసన చూశాడు. "దీపం పెట్టుకున్నారు. మంచిదే" అన్నాడు. పైపంచె దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయన అంత తక్కువ మాట్లాడ్డం అదే మొదటిసారి చూడ్డం. ఇక చెయ్యడేమో అనుకున్నాను. రైతు నా మొహంలోకి చూశాడు. "మరి నా సెరుకు?" అన్నాడు.

వెనకే వెళ్ళాను. మామ అప్పటికే తొడుగు కాచి లాగేశాడు. కండె మొదలు కొంచెం మాడింది కాని గాడులు చెక్కుచెదరలేదు. కాలినచోటు తరిమెన పట్టి సరిచేశాడు. వాళ్ళావిడ కుంకుడుకాయలు కొట్టి పులుసు తీసి ఇచ్చింది. ఆ పులుసులో ఒకసారి, వేడి బూడిదనీళ్ళలో ఒకసారి, మళ్ళీ పులుసులో. నడిబెజ్జంలో వెదురుపుల్ల పెట్టి తోమాడు. "పిల్ల తలంటు లాగుంది" అందావిడ గుమ్మంలోంచి. ఎండలో ఆరబెట్టి ఉతికిన గుడ్డలో చుట్టి నా చేతికివ్వకుండా తనే పట్టుకుని వచ్చాడు.

షావుకారు పళ్ళెం పట్టుకుని మళ్ళీ సిద్ధంగా ఉన్నాడు. మామ అడ్డంగా నిలబడ్డాడు.

"బాబూ, పూజ సేసుకోండి. వద్దన్లేదు. ముక్కుకి గాదు, గానుగకి సేసుకోండి. బతకాల్సింది అది గదా."

ఏం అనుకున్నాడో, షావుకారు గానుగకే చేశాడు.

మీట నొక్కాను. గాలి సూదిలా దిగింది. రవ్వలు అవతలి వైపునుంచి పొట్టు తూర్పారబట్టినట్టు ఎగిశాయి. చేతికి తేడా తెలుస్తుంది. మంచి ముక్కైతే టార్చి బరువుండదు, అదే ముందుకు నడుస్తుంది, నువ్వు వెనక నడవడమే. నా జన్మలో అంత తిన్నటి బెజ్జం కాల్చలేదు. మద్రాసు ముక్కులతో కూడా లేదు. చల్లారనిచ్చి సుత్తితో ఒకటి తట్టాను. ఇరుసు మొండెం కిందపడింది. చక్రం మీద గీత కూడా లేదు.

రైతు ఆ మొండేన్ని ఇంకా వెచ్చగా ఉండగానే పట్టుకుని వదిలేశాడు. "బాబుగారి సలవ" అని షావుకారుకి దణ్ణం పెట్టాడు. మామ పక్కనే ఉన్నాడు, నేనూ పక్కనే ఉన్నాను. సరే.

ఆ ముక్కుతో యుద్ధం అయిపోయేదాకా పని జరిగింది. మామ ఇంకొన్ని చేశాడు. సన్న రేకుకి ఒకటి, మందం ఇనుముకి ఒకటి, గాడులు మార్చి, నడిబెజ్జం మార్చి. ప్రతిసారీ ముందుదాన్ని తనే తిట్టేవాడు.

యుద్ధం ముగిసే రోజుల్లో వచ్చాడు గేసు కంపెనీ ఇనస్పెక్టరు. సిలిండర్లు తనిఖీ చెయ్యడానికి. కుర్రవాడు, తలమీద దొరటోపీ, జేబులో భూతద్దం. టార్చి చూసి ఆగిపోయాడు. ముక్కు విప్పించి, తొడుగు లాగించి, భూతద్దంతో చాలాసేపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. నేను మొదటిసారి ముక్కు వెలుగుకి పట్టి చూసినప్పటి చూపు అది. ఆ ఒక్కందుకు అతనంటే నాకు గౌరవం కలిగింది.

"ఎవరు చేశారండీ ఇది?" అన్నాడు.

"మా షాపులోనే" అన్నాడు షావుకారు.

"సాయిబు చేశాడండీ, ఇత్తడి బజారులో..." అన్నాను నేను.

"నిన్నడిగేరా?" అన్నాడు షావుకారు.

ఇనస్పెక్టరు నావైపు చూశాడు. విన్నాడు. వినలేదంటే నేనొప్పుకోను. ముక్కును తెల్ల చేతిరుమాల్లో చుట్టుకున్నాడు. "పరీక్ష చేయించి ఎలా ఉందో చెబుతాను" అన్నాడు. ఈ మాట షావుకారుతో కాదు, నాతో అన్నాడు. నేను ఆ సాయంత్రమే వెళ్ళి మామకి చెప్పాను. మామ ఎగతాళి చెయ్యలేదు. "భూతద్దంతో సూసేడా?" అని మాత్రం అడిగాడు. చూశాడన్నాను. "ఎంతసేపు?" అన్నాడు.

జవాబు రాలేదు. ఉత్తరాలు రాయించాను. పోస్టులో పోయాయన్నారు, కంపెనీ చేతులు మారిందన్నారు.

యుద్ధం అయ్యాక కొన్నాళ్ళకి అట్టపెట్టెలో కొత్త ముక్కులు వచ్చాయి. విప్పాను. రాగి తొడుగు. లోపల ఇత్తడి కండె, దాని మీద గాడులు. అచ్చం మామ పద్ధతే. పరిగెత్తుకుని వెళ్ళి మామ చేతిలో పెట్టాను, తిడతాడని, నాతో పాటు మండిపడతాడని. ఆయన గోరుతో తడిమి చూశాడు. "నాకంటే బాగా సేసేరు" అన్నాడు. మళ్ళీ తిప్పి చూసి, "ఇలాటి రంపం నాకుంటే ఈళ్ళకంటే బాగా సేద్దును" అన్నాడు. అక్కడితో ఆయనకి కోపం లేదు. ఆ కోపం నేను పెట్టుకున్నాను, ఎవరో ఒకరు పెట్టుకోవాలి కదా.

తరవాత చదువుకున్నవాళ్ళు కొందరు నాతో అన్నారు, ఇలాంటివి పరాయి దేశాల్లో అంతకుముందే ఉండి ఉంటాయని. ఉంటే ఉండనివ్వండి. వాళ్ళకి తోచినదే మా మామకీ తోచిందంటే అది చిన్నతనమా? నాకు తెలియవలసింది అదీ ఇదీ కాదు.

మామ ఇంకా ఉన్నాడు. తరిమెన మానేసి చాలాకాలమైంది. చేతులు పట్టుతప్పాయి, మాట గట్టిగా చెబితే గాని వినపడదు. నన్ను చూస్తే ఇప్పటికీ అడిగేది ఒకటే. "ఏటల్లుడా, పరీచ్చలో నెగ్గిందా?" ఎవరిదని అడగడు, ఎవరు ఎత్తుకుపోయారని అడగడు. బాగుందా లేదా, అంతే. బాగుందని నేను చెబితే కొట్టిపారేస్తాడు. నా మాట ఆయనకి చాలదు. మొదటిరోజునుంచీ చాల్లేదు.

ఇనస్పెక్టరుగారూ, మీరు అప్పటికి కుర్రవారు, కాబట్టి ఇప్పుడు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు. మీరు నాతో చెబుతానన్నారు. నాకు చెప్పక్కర్లేదు. నేను ఎటూ మిమ్మల్ని క్షమించను, దానికి మీరు కష్టపడనక్కర్లేదు. ఆ ముక్కును పరీక్ష చేయించారా, చేయిస్తే ఎలా కోసింది? అనకాపల్లిలో రైలు దిగి ఇత్తడి బజారులో ముసలి సాయిబు ఇల్లేదని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆయన మంచం పక్కన కూర్చుని, ఆయనకి వినపడేలా చెప్పండి. బాగులేదన్నా సరే, చెప్పండి.